ఎమ్మెల్యే జనానికి రాసే బడ్జెట్ ఉత్తరంలో ఏం ఉండాలి?

ఉత్తరాల డెస్క్

అందరికీ నమస్కారం. నేను ఒక ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసులో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. వచ్చిన అర్జీలు చదవడం, జవాబులు రాయడం నా పని. ఏ నియోజకవర్గమో, ఏ పార్టీయో చెప్పను, చెప్తే చర్చ అటు వెళ్లిపోతుంది. బడ్జెట్ సమావేశాలు అయ్యాక మేము ఏటా నియోజకవర్గ ప్రజలకు నాలుగు పేజీల ఉత్తరం పంచుతాం. సభలో ఏం జరిగింది, మన ప్రాంతానికి ఏం వచ్చింది, ఏ సాయానికి ఎక్కడికి వెళ్లాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. చిత్తుప్రతి రాసేది నేనే.

పోయినేడాది ఉత్తరంలో "ఆడపిల్లల హాస్టల్‌కు అదనపు గదులు మంజూరు" అని ఒక వాక్యం రాశాను. బడ్జెట్ పుస్తకంలో హాస్టల్ భవనాల నిర్మాణం ఎదురుగా పెద్ద అంకె ఉంది. శాఖ వాళ్ల ప్రతిపాదనల జాబితాలో మా హాస్టల్ పేరు ఉంది. రెండూ కలిపి చూసి మంజూరు అనేశాను.

నవంబరులో ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. మడత దగ్గర కాగితం చిరిగితే వెనకనుంచి టేపు అంటించింది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. "గదులొస్తాయని రాశారు గదమ్మా, అందుకే చిన్నదాన్ని కూడా అక్కడే చేర్పించాను. ఇప్పుడు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటున్నారు. ఎప్పుడు కడతారు?" అని అడిగింది. కనుక్కుంటే టెండరు కూడా పిలవలేదని తెలిసింది.

నేను రాసిన ఒక్క మాట నమ్మి ఆ తల్లి పిల్ల చదువు గురించి నిర్ణయం తీసుకుంది. ఈసారి ఉత్తరం ఎలా రాయాలో చెప్పండి. మొహమాటం లేకుండా చెప్పండి.

పాత ట్రెజరీ

అమ్మాయ్, ముప్పై ఒక్క ఏళ్లు ట్రెజరీలో చేసి రిటైరయ్యాను. నువ్వు పడ్డ పొరపాటు పెద్ద పెద్దవాళ్లు కూడా పడతారు. అంతా ఆ "మంజూరు" అనే మాటలోనే ఉంది.

బడ్జెట్‌లో అంకె ఉంటే అది కేటాయింపు. అంటే ఈ ఏడాది ఈ పనికి ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని సభ ఇచ్చిన అనుమతి. అంతవరకే. ఆ తర్వాత ఫలానా ఊళ్లో ఫలానా పని చేయమని పరిపాలనా అనుమతి జీవో రావాలి. ఇంజినీర్లు సాంకేతిక అనుమతి ఇవ్వాలి. టెండరు, అగ్రిమెంటు, పని మొదలు. జరిగినంత పనిని ఎం-బుక్కులో కొలతలతో ఎక్కిస్తారు, బిల్లు పెడతారు. ఆర్థిక శాఖ నుంచి బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఉంటేనే ఆ బిల్లు కదులుతుంది. అది ఏడాది మొత్తానికి ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. ఖజానా బిగుసుకున్నప్పుడు ఏది ఆపాలన్న ప్రశ్న వస్తే ముందు ఆగేవి కట్టడాలే. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ఆపడం కుదరదు గదా.

మీ ఉత్తరంలో మంజూరు అన్న మాట జీవో నంబరు, తేదీ ఉన్నచోటే వాడు. అవి లేకపోతే "కేటాయించారు, అనుమతి రావాలి" అని రాయి. ఆ ఒక్క ముక్క ఉంటే ఆవిడ చిన్నపిల్లను అప్పుడే చేర్పించేది కాదేమో.

ఇంకొకటి. పద్దు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది చూడు, అది చదవడం నేర్చుకో. మొదటి అంకె 2 గానీ 3 గానీ అయితే రెవెన్యూ ఖర్చు, అంటే జీతాలు, స్కాలర్‌షిప్పులు, మెస్ చార్జీలు, నడుపుకునే ఖర్చులు. 4 లేదా 5 అయితే మూలధన వ్యయం, కట్టడాలు. 6, 7 అయితే ప్రభుత్వం ఇచ్చే అప్పులు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమానికి 2225, అదే శాఖ కట్టడాలకు 4225. హాస్టల్‌కు డబ్బొచ్చిందని ఎవరైనా అంటే అది 2225లోనా 4225లోనా అని అడుగు. 2225 డబ్బుతో గోడ లేవదు.

కాలువగట్టు రైతు

చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. నాకు ఒక సందేహం. బడ్జెట్ మీద అన్ని రోజులు చర్చ జరుగుతుంది కదా, అప్పుడే మన ఎమ్మెల్యే లేచి "ఈ పద్దుకు ఇంకో యాభై కోట్లు పెంచండి" అని పట్టుబట్టి ఓటింగుకు పెట్టించలేడా? అందరూ అడిగితే పెరగదా?

ప్రెస్ గ్యాలరీ

అన్నా, కుదరదు. రాజ్యాంగంలోనే కుదరదు. 203వ అధికరణ ప్రకారం పద్దును సభ ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే హక్కు సభ్యుడికి లేదు. ప్రతి పద్దూ గవర్నర్ సిఫారసుతోనే సభకు రావాలి, అంటే ప్రభుత్వం తరఫునే రావాలి. కాబట్టి పెంచమని అడగొచ్చు, ఒప్పించొచ్చు, మంత్రి చేత హామీ ఇప్పించొచ్చు. ఓటుతో మాత్రం పెంచలేరు.

చాలా ఏళ్లు అసెంబ్లీ వార్తలు రాశాను కాబట్టి చెప్తున్నాను, చర్చలో అసలు చూడాల్సింది వేరే ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ సభలో ఓటుకు పెట్టే పద్దులు, అంటే శాఖలవారీ డిమాండ్లు, దాదాపు నలభై. పన్నెండోది పాఠశాల విద్య, పదహారోది వైద్యం, ఇరవై ఒకటోది సాంఘిక సంక్షేమం. రోజుకు కొన్ని చొప్పున చర్చకు తీసుకుంటారు. సభ్యులు కోత తీర్మానాలు ఇస్తారు. పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటే ఆ శాఖ విధానాన్నే వ్యతిరేకిస్తున్నట్టు. ఫలానా మొత్తం తగ్గించమంటే పొదుపు కోత. వంద రూపాయలు తగ్గించమంటే ఒక నిర్దిష్టమైన సమస్య మీద నిరసన. ఈ వంద రూపాయల కోత చాలామందికి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఒక ఊరి ఆసుపత్రిలో డాక్టర్ లేడన్న మాట సభ రికార్డుల్లోకి ఎక్కడానికి ఒక సభ్యుడి చేతిలో ఉన్న మంచి సాధనం అది.

తర్వాత టైం అయిపోతుంది. చర్చకు రాని పద్దులన్నీ చివరి రోజు ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలెటిన్ అంటారు. మూజువాణి ఓటుతో నిమిషాల్లో అయిపోతుంది. వేల కోట్ల పద్దులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోవడం గ్యాలరీలో కూర్చుని చూశాను. ఆ మధ్యాహ్నాలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండదు.

అందుకే ఉత్తరంలో ఈ రెండూ తప్పనిసరిగా ఉండాలి. మన సభ్యుడు ఏ పద్దు మీద మాట్లాడారు, ఏం అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు. మన ప్రాంతానికి ముఖ్యమైన పద్దుల్లో ఏవి చర్చ లేకుండా పోయాయి.

నిక్కచ్చిగా

ప్రెస్ గ్యాలరీ గారు చెప్పింది నిజమే కానీ ఒక విషయం కలపాలి. అధికార పక్షం సభ్యుడైతే కోత తీర్మానానికి ఓటెయ్యడం జరిగే పని కాదు. విప్ ఉంటుంది, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ప్రభుత్వం పద్దు ఓడిపోతే ప్రభుత్వానికి మెజారిటీ లేదన్నట్టే లెక్క. కాబట్టి అధికార పక్షం ఎమ్మెల్యేను "నువ్వెందుకు వ్యతిరేకించలేదు" అని అడగడం కంటే "ప్రశ్నోత్తరాల సమయంలో ఎన్ని ప్రశ్నలు వేశావు, జీరో అవర్లో ఏం లేవనెత్తావు, మంత్రిని కలిసి ఏం రాయించుకున్నావు" అని అడగడం న్యాయం.

ఉత్తరాల డెస్క్

పాత ట్రెజరీ గారూ, మీ రిప్లై ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. ప్రెస్ గ్యాలరీ గారి మాటతో నాకు ఒక భయం ఉంది. "ఈ పద్దు చర్చ లేకుండా వెళ్లిపోయింది, మాకు మాట్లాడే అవకాశం రాలేదు" అని రాస్తే అవతలి పక్షం వాళ్లు దాన్ని ఫొటో తీసి "మీ ఎమ్మెల్యే నోరు మెదపలేదు" అని వాట్సాప్‌లో తిప్పుతారు. సార్ ఒప్పుకుంటారా అని టెన్షన్‌గా ఉంది.

లెక్కల మాస్టారు

తిప్పనివ్వండి. నిజం రాసిన ఉత్తరాన్ని ఎంతమంది తిప్పితే అంత మంచిది. పైగా మాట్లాడే అవకాశం రానప్పుడు రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్న, మంత్రికి రాసిన ఉత్తరం ఉంటాయి కదా, వాటిని పక్కనే పెట్టండి. అవి కూడా లేకపోతే మాత్రం దాచాల్సింది కాదు, వచ్చే సమావేశాల్లో సరిచేసుకోవాల్సింది.

అంకెల గురించి నా మాట. 2025-26కు తెలంగాణ బడ్జెట్ రూ.3,04,965 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది రూ.3.22 లక్షల కోట్లు. ఇంత పెద్ద అంకె ఉత్తరం మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వేస్తే చదివేవాడికి ఒక్క ముక్కా అర్థం కాదు. వేసేటట్టయితే మూడు గడులుగా వేయండి. ఈ మూడూ బడ్జెట్ పుస్తకంలోనే దొరుకుతాయి. రెండేళ్ల కిందటి అసలు లెక్క, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. ఒక పథకానికి వచ్చే ఏడాది అంచనా ఘనంగా ఉండి, రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది అందులో సగం కూడా లేదనుకోండి, పక్కపక్కన చూస్తే పదో తరగతి పిల్లవాడికీ తెలిసిపోతుంది. మా స్కూల్లో పిల్లలకు శాతాల పాఠం ఈ పుస్తకంతోనే చెప్పేవాణ్ని. వాళ్లకు అంత ఆసక్తి ఉంటుందని నేనూ అనుకోలేదు. వాళ్ల హాస్టలు, వాళ్ల స్కాలర్‌షిప్పు అందులో కనబడేసరికి పుస్తకం కోసం బెంచీల మీద ఎగబడ్డారు.

ఉత్తరం వేసేనాటికి అసలు ఖర్చు తెలియాలంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల నెలవారీ లెక్కలు ఉంటాయి. ఏడాది ముగిశాక కాగ్ ఇచ్చే అప్రోప్రియేషన్ అకౌంట్స్‌లో ఏ పద్దులో ఎంత మిగిలిపోయిందో పద్దులవారీగా ఉంటుంది. మిగిలిపోయింది అంటే పొదుపు చేశారని కాదు, చాలాసార్లు పిల్లలకు చేరాల్సింది మురిగిపోయిందని.

పాత ట్రెజరీ

మాస్టారు మురిగిపోవడం ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మార్చి 31 రాత్రి ట్రెజరీలో ఎలా ఉంటుందో చూసినవాడికి ఆ మాట బరువు తెలుస్తుంది. హాస్టల్ వార్డెన్లు బిల్లులు చంకలో పెట్టుకుని వరండాలో నిలబడేవారు. సర్వర్ తిరుగుతూ ఉండేది. అర్ధరాత్రి దాటితే ఆ ఏడాది కేటాయింపు ఆ ఏడాదితోనే సరి.

ఎస్సీ, ఎస్టీ నిధులకైతే చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉపప్రణాళిక చట్టం చేశారు. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది, అందులో ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి కలపాలని ఉంది. తెలంగాణ ఎమ్మెల్యే ఎవరైనా ఉత్తరం రాస్తుంటే ఈ ప్రశ్న సభలో అడిగి, జవాబును ఉన్నదున్నట్టు అచ్చు వేయాలి. పోయినేడాది ఎంత మిగిలింది, ఎంత కలిపారు?

మూడో వార్డు

నేను గ్రామ పంచాయతీ వార్డు మెంబర్ని. ఎమ్మెల్యేల కరపత్రాల వల్ల మాకొచ్చే ఇబ్బంది ఒకటుంది. ఆర్థిక సంఘం నిధులతో పంచాయతీ వేసుకున్న మురుగుకాలువను కూడా "మా కృషితో" అని వేసుకుంటారు. జనం వచ్చి మిగతా వీధికి ఎమ్మెల్యేని అడగాలా, మిమ్మల్ని అడగాలా అంటారు.

ఏ డబ్బు ఎక్కడిదో ఉత్తరంలో విడదీసి రాయండమ్మా. రాష్ట్ర బడ్జెట్ పని వేరు. ఎంపీ నిధుల పని వేరు, అది ఏడాదికి 5 కోట్లు, ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి వేరు. పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు వేరు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడొచ్చు. పాలకవర్గం ఎన్నికై ఉంటేనే ఆ డబ్బు వస్తుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా గ్రామాల్లో పాలకవర్గాలు లేవు, ఊళ్లు ఎంత ఇబ్బంది పడ్డాయో అక్కడివాళ్లను అడగండి.

ఏ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు. మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం, గ్రామసభ తేదీలు వేస్తే నాకు సగం పని తగ్గుతుంది. గ్రామసభకు నలభై మంది వస్తే గొప్ప అనుకునే రోజులివి.

సంఘం లీడర్

అందరూ పెద్ద విషయాలు మాట్లాడారు. మా పొదుపు సంఘాల్లో ఆడవాళ్లు ఆ ఉత్తరంలో ఏ పేజీ చింపి దాచుకుంటారో నేను చెప్తాను. చివరి పేజీ. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి అన్నది.

పోయినేడాది మా సంఘంలో ఒకామె భర్తకు ఆపరేషన్ అన్నారు. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి డబ్బు వస్తుందని ఎవరో చెప్తే అప్పు చేసి ఆపరేషన్ చేయించి, తర్వాత బిల్లులు పట్టుకుని తిరిగింది. ఆపరేషన్‌కు ముందే ఎల్‌వోసీకి, అంటే ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రానికి, పెట్టుకునే వీలుందని, దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితం కావాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రెండు ముక్కలు ఎమ్మెల్యే గారి ఉత్తరంలో ఉంటే ఆమె మెడలో గొలుసు ఉండేది.

నంబర్లు కూడా వేయండి. వేధింపులకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సైబర్ మోసానికి 1930, వృద్ధులకు 14567, మనసు బాగోలేనివాళ్లకు టెలీ-మానస్ 14416, ఉచిత న్యాయసహాయానికి 15100. న్యాయసహాయం గురించి ఒక వాక్యం ప్రత్యేకంగా రాయండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు. మా సంఘంలో ముప్పై మందిని అడిగితే ఇద్దరికి తెలుసు.

నిక్కచ్చిగా

అక్కా, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నాను, నాకు ఒక అభ్యంతరం ఉంది. సహాయ నిధి చెక్కులు, ఎల్‌వోసీలు ఉత్తరంలో ఎంత పెద్దగా వేస్తే ఎమ్మెల్యే అంటే చెక్కులు పంచే మనిషి అన్న అభిప్రాయం అంత బలపడుతుంది. చట్టాలు చేయడం, పద్దులు తరచి చూడడం ఆయన అసలు పని. ఆసుపత్రిలో మందులుంటే, మంచాలుంటే ఆ చెక్కు కోసం ఇల్లిల్లూ తిరగాల్సిన అవసరమే రాదు. పదహారో పద్దు సరిగ్గా ఖర్చయిందా అని నిలదీయడం వంద చెక్కుల కంటే పెద్ద సాయం. సాయం పేజీ మొదటికొస్తే బడ్జెట్ పేజీ ఎవరూ చదవరు.

సంఘం లీడర్

తమ్ముడూ, నువ్వన్నది నిజమే. కానీ పదహారో పద్దు బాగుపడేదాకా ఆ మనిషి కడుపునొప్పి ఆగదు కదా. మొదటి పేజీలో వేయమని నేనూ అనను, చివరి పేజీలోనే ఉండనీ. ఆ చెక్కు ఎమ్మెల్యే సొంత డబ్బు కాదని, ఎవరి ఫొటో లేకుండా, ఎవరి కాళ్లకూ దండం పెట్టకుండా తీసుకోవచ్చని రాస్తే నీ అభ్యంతరం కూడా తీరుతుంది. దరఖాస్తు ఎలా పెట్టాలో తెలిసినవాడికి మధ్యలో దళారీ అక్కర్లేదు.

నిక్కచ్చిగా

ఆ ఒక్క వాక్యం రాస్తే నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

డిగ్రీ సెకండియర్

చిన్న ప్రశ్న. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ ఓటాన్ అకౌంట్ అన్నారు. అంటే ఆ ఏడాది రెండు బడ్జెట్లు పెట్టినట్టా? మా కాలేజీలో డిబేట్‌లో ఇది తప్పు చెప్పాను అనిపిస్తోంది.

ప్రెస్ గ్యాలరీ

ఓటాన్ అకౌంట్ అంటే పూర్తి బడ్జెట్ ఆమోదం అయ్యేదాకా కొన్ని నెలల ఖర్చుకు ముందస్తు అనుమతి, 206వ అధికరణ కింద. తెలంగాణలో భట్టి విక్రమార్క గారు 2024 ఫిబ్రవరి 10న ఓటాన్ అకౌంట్ పెట్టి, జులై 25న పూర్తి బడ్జెట్ పెట్టారు. ఆంధ్రలో ఫిబ్రవరిలో బుగ్గన రాజేంద్రనాథ్ గారు పెట్టారు. ఎన్నికలయ్యాక ప్రభుత్వం మారింది, పయ్యావుల కేశవ్ గారు నవంబరు 11న పూర్తి బడ్జెట్ పెట్టారు. ఇలాంటి ఏడాదిలో కొన్ని నెలలు గడిచాక పద్దుల మీద చర్చ జరుగుతుంది, కొత్త కట్టడాలు ఆలస్యమవుతాయి. అలాంటి ఏడాదిలో రాసే ఉత్తరంలో ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పడం మంచిది. శాసనమండలి గురించి కూడా చాలామంది అడుగుతారు. పద్దుల మీద ఓటు శాసనసభదే. ద్రవ్య బిల్లును మండలి 14 రోజుల్లో తిప్పి పంపాలి, ఆపలేదు.

ఉత్తరాల డెస్క్

అందరి మాటలూ కలిపి హాస్టల్ పేరాను ఇలా తిరగరాశాను. చదివి చెప్పండి.

"పోయినేడాది ఉత్తరంలో హాస్టల్ అదనపు గదులు మంజూరయ్యాయని రాశాం. అది తప్పు. బడ్జెట్‌లో హాస్టల్ భవనాలకు కేటాయింపు ఉంది, మన హాస్టల్ ప్రతిపాదన పంపారు. పరిపాలనా అనుమతి రాలేదు, డబ్బు విడుదల కాలేదు. ఆ మాట నమ్మి పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులకు క్షమాపణలు. ఈ సమావేశాల్లో సాంఘిక సంక్షేమం పద్దు మీద మన సభ్యుడు ఈ విషయం లేవనెత్తారు. అనుమతి రాగానే జీవో నంబరు, తేదీ పంచాయతీ నోటీసు బోర్డుల మీద అంటిస్తాం. అప్పటిదాకా ఉన్న గదుల్లో మంచాలు పెంచమని జిల్లా అధికారులకు రాసిన ఉత్తరం నకలు ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు."

సార్‌కు చూపించాను. క్షమాపణ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత ఉంచమన్నారు. చర్చ లేకుండా వెళ్లిపోయిన పద్దుల జాబితా కూడా ఉంచమన్నారు.

పాత ట్రెజరీ

బాగుంది తల్లీ. ఒక్క సవరణ. "డబ్బు విడుదల కాలేదు" దగ్గర "ఫలానా తేదీ నాటికి" అని చేర్చు. ఉత్తరం అచ్చయ్యేలోపు రిలీజ్ ఆర్డర్ వచ్చినా, అది చదివేవాళ్లకు మీ మాట అబద్ధం కాకూడదు. లెక్కల కాగితం మీద తేదీ లేకపోతే దానికి విలువ లేదు.

మూడో వార్డు

నోటీసు బోర్డు అన్నారు కాబట్టి చెప్తున్నా, మా బోర్డు మీద ఏ కాగితమూ వానకు రెండు వారాలు నిలవదు. గ్రామసభలో మైకులో చదివించండి కూడా. మా ఊళ్లో నేను చదువుతాను.

సంఘం లీడర్

చదవలేనివాళ్ల కోసం అయిదు నిమిషాల ఆడియో చేసి సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో వేస్తే నేను పంపిస్తాను. నువ్వే చదువమ్మా, నీ గొంతుతోనే.

లెక్కల మాస్టారు

సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ కూడా చేర్చండి. ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన బడ్జెట్, ఖర్చు ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని అందులో ఉంది. పెట్టకపోతే దరఖాస్తు ఇవ్వొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ హాస్టల్ గురించి ఆ తల్లే ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఉత్తరాల డెస్క్

నిన్న సాయంత్రం ఆవిడకు ఫోన్ చేసి పేరా మొత్తం చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక ఒకటే అడిగింది. "మంచాలు పెంచమని రాశారు సరే, ఆ ఉత్తరానికి జవాబొచ్చిందా?"

రాలేదు. ఆ వాక్యం కింద "ఫలానా తేదీ నాటికి జవాబు రాలేదు" అని చేర్చాను. ఈరోజు పొద్దున ఆ ఆఫీసుకు రిమైండర్ కూడా పంపాను. ఉత్తరం శుక్రవారం ప్రింటుకు వెళ్తుంది. మాస్టారు చెప్పిన దరఖాస్తు నమూనా చివరి పేజీలో వేస్తున్నాను, చింపుకోవడానికి వీలుగా చుక్కల గీతతో.